తలుపు మేడమ్ తొమ్మిది పేజీలు

కాలేజీలో ఆమెని తలుపు మేడమ్ అంటారు. ఎదురుగా అనరు గానీ ఆమెకి తెలుసు. గంట కొట్టగానే క్లాసు తలుపు మూసి లోపల గడియ పెట్టడం ఆమె అలవాటు. ఆ తర్వాత వచ్చినవాడు ప్రిన్సిపాలుగారి బావమరిదైనా సరే, తలుపుకున్న చిన్న అద్దంలోంచి పాఠం చూడవలసిందే తప్ప వినే యోగం ఉండదు.

ఆమె చెప్పేది ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా. మొదటి మెట్టు ఎలాగో ఎక్కేసి, పై మెట్టు మీద కాలు పెట్టలేక మధ్యలో ఊగిసలాడేవాళ్ళ కోసం పెట్టిన కోర్సు. సాయంత్రం పూట జరుగుతుంది. పగలంతా ఎక్కడెక్కడో పనిచేసి సగం ప్రాణంతో వచ్చి కూర్చునేవాళ్ళే అందరూ. లెక్కల మీద ప్రేమతో వచ్చినవాళ్ళు ఒక్కరూ ఉండరు. ఇంకేదో కోర్సులో సీటు కావాలంటే ముందు ఇది పాసవ్వాలని ఎవరో మహానుభావుడు షరతు పెట్టాడు కాబట్టి వస్తారు.

మొదటిరోజు మేడమ్ ఒక కాగితాల కట్ట పంచుతుంది. ఈ క్లాసులో ఎలా మసులుకోవాలి, ఏం చేస్తే ఏమవుతుంది అన్న నిబంధనలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అది ఒకే ఒక్క పేజీ. ఇప్పుడు తొమ్మిది. తక్కిన ఎనిమిదీ ఆమె సరదాకొద్దీ రాసినవి కావు. ఒక్కొక్క నిబంధన వెనకా ఒక్కొక్క మహారాజు ఉన్నాడు. ఇంట్లో ఎవరు పోయినా సరే, తప్పిపోయిన పరీక్ష మళ్ళీ పెట్టేది లేదన్నది, ఒకే నాయనమ్మని ఒకే ఏడాదిలో మూడుసార్లు చంపుకున్న కుర్రాడి పుణ్యం. ఫోను బల్ల మీద బోర్లా పెట్టాలన్నది, పరీక్షలో కూర్చుని బావగారికి ఫోన్లో లెక్కలు పంపిన కొత్త పెళ్ళికొడుకు పుణ్యం. అరవై తొమ్మిది పాయింట్ తొమ్మిది వచ్చినా అది డెబ్బై కాదు, సవరించి పైకి లాగేది లేదన్నది, ఆఫీసు గుమ్మంలో కూర్చుని సాయంత్రమంతా ఏడ్చిన ఒక సేల్స్‌మన్ చలవ. దిద్దిన పేపరు మూడు రోజుల్లోగా వచ్చి చూసుకోవచ్చు, మళ్ళీ దిద్దమంటే దిద్దుతాను, మార్కులు పెరగనూ వచ్చు తగ్గనూ వచ్చు, తగ్గాక అయ్యో అంటే కుదరదు అన్నది, అరమార్కు చొప్పున బేరమాడి పాసైపోయిన బట్టల కొట్టు కుర్రాడిది.

ఇన్నిటిలోకీ మేడమ్‌కి ప్రాణంలాంటిది మూడో పేజీ పైన ఉంటుంది. వచ్చిన జవాబుని మొదటి సమీకరణంలో పెట్టి సరిచూసుకోవాలి. సరిచూడకుండా దొంగ జవాబుని ఉంచేస్తే ఆ లెక్క మొత్తానికి సున్నా. ఇది వర్గమూలాల లెక్కల కోసం. వర్గమూలాన్ని పోగొట్టడానికి రెండు వైపులా వర్గం చేస్తాం కదా, అప్పుడు అసలు జవాబుతో పాటు ఒక్కోసారి దొంగ జవాబొకటి సందు చూసుకుని లోపలికి దూరుతుంది. చూడడానికి పెద్దమనిషిలాగే ఉంటుంది. మొదటి సమీకరణంలో పెట్టి చూస్తేనే దాని బండారం బయటపడుతుంది.

"సగం మార్కులైనా వెయ్యొచ్చు కదా మేడమ్" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు.

"దొంగని ఇంట్లో పెట్టుకుని సగం మంచివాణ్ణంటే మీరు ఒప్పుకుంటారా?" అంటుంది మేడమ్.

ఈ తొమ్మిది పేజీల్లో ఎక్కడా చిల్లు లేదనుకుంది ఆమె. ఉందని ఈ ఏడాది తెలిసింది. మొదటిరోజు హాజరు పిలుస్తుంటే ఒక పేరు దగ్గర నాలుక ఆగిపోయింది. వెనక బెంచీలోంచి "ప్రెజెంట్ మేడమ్" అని వినిపించింది. ఆ పొద్దున్నే స్నానాలగది తలుపు కొట్టి "ఎంతసేపమ్మాయ్, టీ చల్లారిపోతోంది" అన్న గొంతు అదే.

ఆవిడ మేడమ్ భర్తకు అక్క. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడి దగ్గరే ఉంటుంది. మేడమ్ ఆవిడని వదినా అని పిలుస్తుంది, కాస్త భయపడుతుంది కూడా. ఆసుపత్రి ల్యాబులో ఏళ్ళ తరబడి సహాయకురాలు. సీసాలు కడగడం, రక్తం గొట్టాలకి చీటీలు అంటించడం, బల్లలు తుడవడం. ఆ ఆసుపత్రివాళ్ళు ఏడాదికి ఒక్క సహాయకురాలిని సొంత ఖర్చుతో టెక్నీషియను కోర్సుకి పంపుతారు. పాతవాళ్ళ నుంచి వరసగా. ఈ ఏడాది వంతు వదినది. చేరేలోగా ఆల్జీబ్రా పాసవ్వాలి. అవ్వకపోతే సీటు వెనకున్నావిడకి పోతుంది, వదిన వరస చివరికి వెళుతుంది. ఆ వరస మళ్ళీ తిరిగొచ్చేసరికి రిటైర్మెంటే ముందొస్తుంది.

మేడమ్ మర్నాడే శాఖాధిపతి గదికి పరుగెత్తింది. "మా ఆడపడుచుకి నేను మార్కులు వేయడమేంటి సార్, బాగుండదు. వేరే సెక్షనులోకి మార్చండి" అంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సాయంత్రం పూట ఉన్నది మీ సెక్షనొక్కటే కదమ్మా. అయినా బంధువులు కూర్చోకూడదని ఎక్కడుంది? మీ తొమ్మిది పేజీల్లోనే లేదు."

నిజమే, లేదు. మేడమ్‌కి తన మీద తనకే ఒళ్ళు మండింది.

రెండోవారం నిబంధనల మీద చిన్న పరీక్ష పెడితే క్లాసంతా బోల్తా కొట్టింది, వదిన తప్ప. ఇన్నేళ్ళలో ఆ తొమ్మిది పేజీలూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివిన మనిషి ఆవిడొక్కతే. ఎవరూ చదవరేమని మేడమ్ ఏళ్ళ తరబడి మొత్తుకుంది. తీరా చదివే మనిషి దొరికాక ఇంట్లో బతుకు దుర్భరమైంది.

"అయిదో పేజీలో వారంలోగా దిద్ది ఇస్తానని ఉంది. వారం నిన్నటితో అయిపోయిందమ్మాయ్" అనేది వదిన, గిన్నెలు తోముతూ.

"ఇంట్లో కాలేజీ మాటలొద్దు వదినా. ఇది కూడా నిబంధనే అనుకోండి."

"అలా అయితే సరే" అని వదిన గిన్నెని ఇంకాస్త చప్పుడయ్యేలా తోమేది. మేడమ్ భర్త, అంటే వదినకి తమ్ముడు, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. "ఎవరివైపు మాట్లాడినా నాకు భోజనం ఉండదు" అని తన నిబంధన తను ముందే చెప్పేశాడు.

ఒకరోజు ల్యాబులో ఏదో పని మీద పడి వదిన ఆలస్యంగా వచ్చింది. మేడమ్ గడియ పెట్టి వెనక్కి తిరిగేసరికి అద్దంలో మొహం. ఇంట్లో ఒకే కంచాల బీరువా వాడుకునే మనుషులు అద్దానికి అటూ ఇటూ నిలబడ్డారు. క్లాసంతా మేడమ్ చేతివైపే చూస్తోంది. తీస్తే ఇక ఆ తలుపుకి విలువుండదు. తీయకపోతే ఈ రాత్రి ఇంట్లో ఎవరి మొహం ఎలా చూడాలి. మేడమ్ బోర్డువైపు తిరిగి సుద్దముక్క అందుకుంది, అది పుటుక్కున విరిగింది. గంట సేపూ వదిన అలాగే నిలబడి, పుస్తకం గోడకి ఆనించి, అద్దంలోంచి కనిపించినంత మేర రాసుకుంది. ఇంటికెళ్ళాక ఒక్క మాటన్నా అనలేదు. కనీసం దెప్పినా బాగుండేది. మేడమ్ పిల్లిలా వంటింట్లో తిరిగి, అక్కర్లేని డబ్బాలు సర్దుతూ, ఎవరి మీదో తెలియని కోపంతో పళ్ళు కొరుక్కుంది.

ఆ డబ్బాలన్నిటి మీదా చీటీలుంటాయి. వదిన పని. ల్యాబులో గొట్టాలకి అంటించినట్టే ఇంట్లో ప్రతి డబ్బాకీ చీటీ అంటించి, లోపలేముందో, మూత ఎప్పుడు తీశారో రాస్తుంది. ఆ రాత మేడమ్‌కి కంఠతా వచ్చు. తొమ్మిది అంకెకి తోక బారెడు ఉంటుంది, చివర కొంచెం మెలి తిరుగుతుంది.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఎవరి పేపరో తెలియకుండా దిద్దాలని మేడమ్ పిల్లలచేత పేరు చివరి పేజీ వెనకాల రాయిస్తుంది. అది కూడా నిబంధనే, నాలుగో పేజీలో. చివరి పరీక్ష పేపర్లు ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద వేసుకుని దిద్దుతోంది. వదిన డ్యూటీకి వెళ్ళింది. ఏడో లెక్క వర్గమూలాలది. x ప్లస్ ఏడుకి వర్గమూలం తీస్తే x మైనస్ అయిదు రావాలి, x ఎంత? ఒక పేపరులో అన్ని మెట్లూ తీర్చిదిద్దినట్టున్నాయి. కింద జవాబు దగ్గర తొమ్మిది, దాని బారెడు తోక, మెలిక. మేడమ్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఎవరిదో తెలిసిపోయింది, తెలియకూడదు. కళ్ళు అక్కణ్ణించి లాక్కుని, గబగబా టిక్కు పెట్టి, ఆరుకి ఆరు వేసి, పేజీ తిప్పేసింది.

ఫలితాలు బోర్డు మీద పెట్టారు. పాసు గీత డెబ్బై. వదినకి డెబ్బై ఒకటి పాయింట్ నాలుగు వచ్చింది. ఆ పూట మేడమ్ దారిలో మిఠాయి కొనుక్కుని ఇంటికొచ్చింది. భర్త పేపరు పక్కన పడేసి అక్కని అభినందించాడు. వదిన మాత్రం మిఠాయి ముక్క తినకుండా తిరిగి డబ్బాలో పెట్టేసింది. "రేపు నీ ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారమ్మాయ్?" అని అడిగింది.

"ఇంట్లో కాలేజీ మాటలొద్దన్నానా" అంది మేడమ్ నవ్వుతూ. ఈ కోర్సు మొదలయ్యాక ఇంట్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

మర్నాడు ఆఫీసు బయట పేపర్లు చూసుకునేవాళ్ళ వరసలో వదిన కూడా నిలబడింది. ఇద్దరూ పొద్దున్న ఒకే బల్ల దగ్గర టీ తాగారు, అయినా వరసలోనే వచ్చింది. తన వంతు రాగానే కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పింది.

"ఏడో లెక్క మళ్ళీ దిద్దండి మేడమ్."

మేడమ్ పేపరు తీసింది. తొమ్మిది పక్కన ఒక కామా, కామా తర్వాత బుద్ధిగా కూర్చున్న రెండు. అది దొంగ జవాబు. మొదటి సమీకరణంలో రెండు పెడితే ఎడమవైపు మూడొస్తుంది, కుడివైపు మైనస్ మూడు. ఏళ్ళ తరబడి గొంతు చించుకుని చెప్పిన లెక్క. టిక్కు తన ఎర్ర పెన్నుది.

"వదినా" అంది గొంతు తగ్గించి. "పాసయ్యారు. ఇంకెందుకు తవ్వుతున్నారు? ఇంటికెళ్ళండి."

"ఇక్కడ వదినేంటి మేడమ్. వెనక నలుగురున్నారు."

"ఇది తీసేస్తే ఆరూ పోతాయి. మొత్తంలో ఎంత తగ్గుతుందో తెలుసా మీకు? మీ సీటు పోతుంది."

"తెలుసు. లెక్క కట్టుకునే వచ్చాను. చివరి పరీక్షకి మొత్తంలో నూటికి ముప్పై వంతే కదా. అరవై తొమ్మిది పాయింట్ ఆరు."

"మరి తెలిసి ఎందుకు వచ్చారు?" మేడమ్ గొంతు ఆమె ప్రమేయం లేకుండానే లేచింది. వరసలోవాళ్ళు మెడలు సాచారు.

వదిన బల్ల మీదికి కొంచెం వంగింది. వంగేసరికి మేడమ్ పోయి మరదలు మిగిలింది. "పరీక్ష రాసి బస్సెక్కాక ఊరికే కూర్చోలేక రెండుని వెనక్కి పెట్టి చూశాను. కుదర్లేదు. పోయిందిలే అనుకున్నాను. ఏడ్చాను కూడా, నీకు తెలీదు. తీరా చూస్తే పాసని ఉంది. నువ్వు చూసుకోకుండా వేశావో, చూసి వదిలేశావో అర్థం కాలేదు. చూసి వదిలేశావా?"

లేదు అనడానికి మేడమ్ నోరు తెరిచింది. ఆదివారం మధ్యాహ్నం ఆ తొమ్మిది తోక చూసినప్పుడు పక్కనున్న రెండు కంటబడిందా, పడలేదా? ఆ పక్కకి చూపు పోకుండా లాక్కున్నది ఎందుకు? ఎంత తవ్వుకున్నా తేలడం లేదు.

"తెలీదు" అంది చివరికి.

"నీకే తెలీకపోతే నేనెవరికి చెప్పుకోను? నా వెనక వరసలో ఉన్నావిడ పదేళ్ళుగా నా పక్క బల్ల దగ్గరే పనిచేస్తోంది. మీ మరదలేగా మార్కులేసింది అని ఒక్క మాటంటే నా దగ్గర జవాబుండాలి కదా. అనకపోయినా రోజూ ఆవిడ మొహం చూడాలి." వదిన మళ్ళీ నిటారుగా నిలబడింది. "దిద్దండి మేడమ్. మూడు రోజుల్లోగానే వచ్చాను."

మేడమ్ పేపరు సొరుగులో పడేసి, రేపు చెబుతానని అందరినీ పంపేసింది. తలుపేసుకుని తొమ్మిది పేజీలూ ముందు పెట్టుకుంది. ఎక్కడో ఒక చిల్లు ఉండకపోదు. సగం మార్కులు? మూడో పేజీలో దొంగ జవాబుకి సున్నా అన్న వాక్యం కింద రెండు గీతలు కూడా ఉన్నాయి. పైకి సవరించడం? సేల్స్‌మన్ ఏడుపు అడ్డొచ్చింది. ఇంకో చిన్న పరీక్ష పెట్టి చూడడం? నాయనమ్మ అడ్డొచ్చింది. మళ్ళీ దిద్దాక పాత మార్కులే ఉంచడం? బట్టల కొట్టు కుర్రాడు అడ్డొచ్చాడు. ఒక్కొక్క సందు దగ్గరా ఒక్కొక్క మహారాజు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆ సందులన్నీ ఒక్కటొక్కటిగా, కసికొద్దీ, తన చేత్తోనే పూడ్చింది. అబద్ధాలాడేవాళ్ళ కోసం కట్టిన గోడ ఇది. అబద్ధం చేతకాని మనిషి వచ్చి దీనికి తల కొట్టుకుంటుందని ఎప్పుడైనా అనుకుందా?

శాఖాధిపతి దగ్గరికి మళ్ళీ వెళ్ళింది.

"వేసిన మార్కులు వేసినట్టు ఉంచెయ్యండమ్మా. ఎవరడుగుతారు?" అన్నాడాయన.

"ఆవిడే అడుగుతోంది సార్."

ఆయనకి ఇలాంటి ఫిర్యాదు కొత్త. కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకుని, "మీ క్లాసు, మీ నిబంధనలు" అని చేతులు దులుపుకున్నాడు.

మేడమ్ ఎర్ర పెన్ను తీసి ఆరు కొట్టేసి సున్నా వేసింది. పెన్ను ముక్కు వంగిపోయేటంత గట్టిగా వేసింది. ఆ సాయంత్రం ఇంట్లో భర్త మొదటిసారి తన నిబంధన తప్పి నోరు విప్పాడు. "పాయింట్ నాలుగు కోసం మా అక్కని ముంచేశావు" అన్నాడు. మేడమ్ ఒంటికాలి మీద లేవబోయింది, కానీ లేవడానికి ఆ కాలు కూడా ఆనలేదు. నిజానికి తనని తను తిట్టుకున్నంతగా అతనికి తిట్టడం రాలేదు.

"ముంచింది ఆ రెండురా, నీ పెళ్ళాం కాదు" అంది వదిన, మంచినీళ్ళ గ్లాసు పెడుతూ. మొహం మాత్రం అటు తిప్పుకుంది. సీటు వెనకున్నావిడకి వెళ్ళింది. ఆవిడ ఆల్జీబ్రా ఎప్పుడో పాసైందట.

సెలవులు అయిపోవచ్చాయి. మేడమ్ ఏటా చేసే పని చేయడానికి కూర్చుంది, నిబంధనల్లో ఈ ఏటి చేర్పు. ముందుగా బంధువులెవరూ ఈ క్లాసులో చేరకూడదని రాసింది. చదువుకుని, కొట్టేసింది. చేరితే వచ్చిన నష్టమేమిటి? నష్టం చేసింది చేరిన మనిషి కాదు. మోసగాళ్ళ కోసం తొమ్మిది పేజీలు చకచకా రాసిన చెయ్యి, ఒక్క మంచి మనిషి కోసం ఒక్క వాక్యం రాయలేక కాగితం మీద పడుకుంది. విసుగొచ్చి కాగితాలు దూరంగా నెట్టింది.

వదిన గ్లాసులు తుడుస్తూ ఇటు చూసింది. "ఏం రాయాలో తోచట్లేదా?"

"ఇంట్లో కాలేజీ మాటలొద్దు" అంది మేడమ్.

"వద్దంటే మానేస్తాలే. మార్కులేసే ముందు టీచరు కూడా సరిచూసుకోవాలి, అని రాయొచ్చు."

మేడమ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. పెన్ను తీసుకుని ఆ మాటే మొదటి పేజీలో అన్నిటికన్నా పైన రాసింది.

కొత్త క్లాసు మొదటిరోజు. వెనక బెంచీలో వదిన కూర్చుంది. "సీటు లేదుగా, మళ్ళీ ఎందుకు చేరారు?" అని మేడమ్ పొద్దున్నే అడిగింది. "ఇంకో పాయింట్ నాలుగే కదమ్మాయ్, వదిలేస్తే నిద్ర పట్టదు" అంది వదిన.

కట్టలు పంచాక, ముందు బెంచీలోని డెలివరీ కుర్రాడు పైన ఉన్నది చదివి నవ్వాపుకుంటూ చెయ్యెత్తాడు. తలుపు మేడమ్ నిబంధనల వెనక కథలుంటాయని సీనియర్లు చెప్పి పంపినట్టున్నారు.

"మేడమ్, ఒక్కో రూలూ ఒక్కో స్టూడెంటు వల్ల వచ్చిందంట కదా. ఈ మొదటిది ఎవరి వల్ల వచ్చింది?"

క్లాసంతా కిసుక్కుమంది. వెనక బెంచీలో వదిన తల దించుకుని, అక్కర్లేకపోయినా పుస్తకంలో ఏదో వెతకడం మొదలుపెట్టింది.

గంట కొట్టారు. మేడమ్ వెళ్ళి తలుపు మూసి గడియ పెట్టింది. వెనక్కి తిరిగి క్లాసు మొహం చూసింది.

"నా వల్ల" అంది. "పుస్తకాలు తియ్యండి."